హెమరేజ్ అన్న పదంలోని పగులు

ఆసుపత్రి కాగితాలలో కనబడి ఇంటిల్లిపాదినీ కలవరపెట్టే మాటలలో హెమరేజ్ ఒకటి. వార్తాపత్రికలు దానిని తీవ్ర రక్తస్రావమని రాస్తాయి, సాధారణ నిఘంటువులు కూడా అధికంగా రక్తం పోవడమనే అర్థాన్నే ముందుగా ఇస్తాయి. అయితే గట్టిగా దగ్గినందువల్లనో తుమ్మినందువల్లనో కంటి తెల్లభాగంలో ఒక్కసారిగా ఎర్రటి మచ్చ ఏర్పడితే, నొప్పి లేకుండా, చూపు తగ్గకుండా, ఒకటి రెండు వారాలలో దానంతటదే మాయమయ్యే ఆ మచ్చను కూడా కంటివైద్యులు సబ్‌కంజంక్టైవల్ హెమరేజ్ అనే రాస్తారు. చర్మం మీద సూదిమొన గుచ్చినంత పరిమాణంలో కనిపించే ఎర్రచుక్కల పేరు పెటీకియల్ హెమరేజ్. ఆ చుక్కలన్నింటిలో ఉన్న రక్తాన్ని పోగుచేసినా చెంచాడు కాదు. ఒకే పదం ఇంత చిన్న మచ్చకూ, ప్రాణం తీసే ఉపద్రవానికీ ఎలా సరిపోతున్నదన్న సందేహం రావడం సహజం. వైద్యంలో ఈ పదం రక్తం తన నాళాన్ని విడిచి బయటికి వచ్చిందని మాత్రమే చెబుతుంది. ఎంత వచ్చిందో చెప్పదు. ఎందుకు చెప్పదో తెలియాలంటే ఆ పదం పుట్టుకను చూడాలి.

మూలం గ్రీకు. హైమా అంటే రక్తం. హెమోగ్లోబిన్, అనీమియా, హెమటైట్ అనే ఇనుప ఖనిజం పేరు, ఇవన్నీ ఆ మాటనుంచి వచ్చినవే. రెండవ భాగం రేగ్నుమి అనే క్రియకు చెందినది. పగలడం, చిట్లడం, తెగడం, అడ్డును బద్దలుకొట్టుకొని బయటపడడం దాని అర్థాలు. ఈ రెండూ కలిసి గ్రీకులో హైమొర్రగియా అయ్యాయి. అది లాటిన్‌లోకీ, అక్కడినుంచి ఫ్రెంచిలోకీ వెళ్లి, 1400 ప్రాంతంలో ఎమొరొసొజీ అన్న రూపంతో ఇంగ్లీషులో కనిపిస్తుంది. 17వ శతాబ్దంలో పండితులు గ్రీకు మూలాన్ని చూసి నేటి వర్ణక్రమానికి దగ్గరగా దిద్దారు. వైద్యవిద్యార్థులను ఇబ్బందిపెట్టే ఆ రెండు ఆర్‌లూ, వాటి వెంట వచ్చే హెచ్ అక్షరమూ గ్రీకు సంధి నియమం మిగిల్చిన గుర్తులే: రేఫతో మొదలయ్యే మాట సమాసంలో అచ్చు తరువాత వస్తే ఆ రేఫ ద్విత్వమవుతుంది.

రేగ్నుమి సంతానం వైద్యంలో మరికొన్ని చోట్ల కూడా ఉన్నది. కంటిలో రెటీనా పొరకు చిరుగు పడి, ఆ చిరుగులోనుంచి ద్రవం వెనుకకు చేరి పొర ఊడిపోతే దానిని రెగ్మటోజీనస్ డిటాచ్‌మెంట్ అంటారు. గ్రీకులో రేగ్మా అంటే చిరుగు. కణకేంద్రకం ముక్కలుగా పగిలిపోవడం కారియోరెక్సిస్. ఈ కుటుంబమంతటిలో ఉమ్మడిగా ఉన్న భావం పగులు మాత్రమే, ద్రవం కాదు, దాని పరిమాణం అసలే కాదు.

ఇక్కడ హెమరేజ్‌కు చాలా దగ్గరగా వినిపించే మరొక పదాన్ని పక్కన పెట్టి చూడాలి. మొలలను ఇంగ్లీషు వైద్యంలో హెమరాయిడ్స్ అంటారు. అందులోనూ మొదటి భాగం హైమాయే, రెండవ భాగం మాత్రం రెఓ అనే వేరే క్రియ. దాని అర్థం ప్రవహించడం. డయేరియా, ల్యూకోరియా వంటి మాటల చివర ఉన్నది ఇదే. చెరువు తూములోనుంచి పారే నీటికీ, కట్టకు గండి పడి దూకే నీటికీ ఎంత భేదమున్నదో రెఓకూ రేగ్నుమికీ అంత భేదమున్నది. ఇంగ్లీషులో ఆ రెండూ ఒకే రకమైన అక్షరాల గుంపులో కలిసిపోయి కవలల్లాగా కనిపిస్తున్నాయి గాని, వాటికి చుట్టరికం లేదు.

చుట్టరికం ఉన్నది మన రక్తస్రావం అనే మాటకు. సంస్కృతంలో స్రు ధాతువుకు పారడమని అర్థం. నదికి స్రవంతి అన్న పేరు, ప్రవాహానికి స్రోతస్సు అన్న పేరు, గర్భస్రావంలోని స్రావం, అన్నీ దానినుంచి వచ్చినవే. భాషాశాస్త్రవేత్తలు పునర్నిర్మించిన ఇండో యూరోపియన్ మూలధాతువు ఒక్కటే సంస్కృతంలో స్రుగా, గ్రీకులో రెఓగా మిగిలింది. గ్రీకులో రేఫ ముందున్న సకారం లోపించింది, సంస్కృతంలో నిలిచింది. అంటే మనం హెమరేజ్‌కు అనువాదంగా వాడుకొంటున్న రక్తస్రావం, మాటల వంశవృక్షంలో చూస్తే హెమరాయిడ్‌కు సొంత చెల్లెలు, హెమరేజ్‌కు పరాయిది. అనువాదం తప్పని నేననడం లేదు. వందేళ్లకు పైగా వాడుకలో స్థిరపడి, అందరికీ అర్థమవుతున్న మాట అది. కానీ గ్రీకు పదం చెబుతున్నది గండి గురించి, తెలుగువారి పదం చెబుతున్నది పారకం గురించి అన్న సంగతి గుర్తుంచుకోదగినది.

ఈ భేదం ప్రాచీనులకు ఎంత స్పష్టంగా ఉండేదో బైబిలులో ఒకచోట కనిపిస్తుంది. మత్తయి సువార్తలో, పన్నెండేళ్లుగా బాధపడుతూ, వెనుకనుంచి వచ్చి యేసు వస్త్రపు అంచును ముట్టుకొన్న స్త్రీని గ్రీకు మూలం హైమొర్రొఊసా అంటుంది. అందులో ఉన్నది రెఓ, రేగ్నుమి కాదు. పన్నెండేళ్లు సాగిన వ్యాధికి పగులు చెప్పే మాట నప్పదు, నిలవక పారే మాటే నప్పుతుంది. తెలుగు బైబిలు ఆమెను రక్తస్రావ రోగం గల స్త్రీ అని చెప్పింది. అనువాదకులు మూలధాతువుల చుట్టరికాన్ని ఎంచి చేశారో, సహజంగా తట్టి చేశారో గాని, ఆ చోట తెలుగు మాట గ్రీకు మాటకు అక్షరాలా సరిపోయింది.

మరి పగులును చెప్పే మాట మన దగ్గర లేదా అంటే, ఉన్నది. స్త్రీలకు బహిష్టు సమయంలో గాని, బహిష్టు కాని రోజులలో గాని అతిగా రక్తం పోయే వ్యాధిని ఆయుర్వేద గ్రంథాలు అసృగ్దరమనీ ప్రదరమనీ పిలిచాయి. అసృక్కు రక్తానికి పాత పేరు. రక్తపు పేర్లను వరుసగా చెప్పిన అమరకోశ పంక్తిలో రుధిరం తరువాత వెంటనే వచ్చేది ఆ పేరే. అదే పంక్తిలో క్షతజం, అంటే గాయంనుంచి పుట్టినది, అన్న పేరు కూడా ఉండడం గమనించదగినది. దరం అన్న భాగానికి మూలం చీలడం, బద్దలవడం అన్న అర్థమున్న ధాతువు. విదీర్ణం, విదారణం అన్న మాటలలో మనకు పరిచయమైన ధాతువే అది. చరకసంహిత చికిత్సాస్థానం ప్రదరమన్న పేరును ప్రదీర్యతే అన్న క్రియతోనే వివరించింది. రక్తం, దానికి చేర్చిన బద్దలు అన్న భావం: హైమొర్రగియా నిర్మాణం కూడా సరిగ్గా ఇదే. ఒకరినుంచి ఒకరు తీసుకొన్నారని చెప్పనవసరం లేదు. చూసిన దృశ్యం ఒకటే కనుక రెండు చోట్లా ఒకే రకంగా పేరు పుట్టి ఉంటుందని నా అభిప్రాయం.

ఇంకా దగ్గరగా, జనం నోటిలో కూడా ఆ భావం బతికే ఉన్నది. మెదడులో హెమరేజ్ అయిందని వైద్యుడు చెప్పిన మాటను ఇంటివాళ్లు ఊరిలో చెప్పేటప్పుడు మెదడులో నరం చిట్లిందంటారు. చిట్లింది రక్తనాళం. నరమన్న మాటను జనం నాళానికీ నాడికీ రెండింటికీ వాడతారు కాబట్టి అందులో దోషమేమీ లేదు. రక్తం కారిందనో పోయిందనో చెప్పకుండా చిట్లిందని చెప్పడంలో, గ్రీకు వైద్యుడు ఏ క్రియను ఎంచుకొన్నాడో ఆ క్రియనే తెలుగువాడు ఎంచుకొన్నాడు. రక్తస్రావం కంటె ఈ వాక్యమే హెమరేజ్ అర్థాన్ని నిండుగా పట్టుకొన్నదని నాకనిపిస్తుంది.

గ్రీకు వైద్యులు ఈ పదాన్ని మొదట ఏ సందర్భంలో ఎక్కువగా వాడారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. హిపోక్రటీసు పేరుతో నిలిచిన గ్రంథాలలో హైమొర్రగియా చాలాచోట్ల ముక్కునుంచి రక్తం కారడాన్నే సూచిస్తుంది. అంతేకాదు, అది ప్రతిసారీ దుశ్శకునం కాదు. థాసోస్ ద్వీపంలో ఒక ఏడాది ప్రబలిన జ్వరాలను వర్ణిస్తూ, ముక్కునుంచి రక్తం బాగా ధారాళంగా పోయినవారే ముఖ్యంగా ప్రాణాలతో బయటపడ్డారని ఆ గ్రంథకర్త రాశాడు. శరీరంలో మితిమీరిన ద్రవం తనంతట తాను దారి చేసుకొని బయటికి పోతే వ్యాధి తగ్గుతుందన్న నమ్మకం అది. ఆ నమ్మకమే తరువాత కత్తితో నరం కోసి రక్తం తీసే చికిత్సగా మారి, 19వ శతాబ్దం దాకా ఎందరినో బలహీనపరిచింది.

నాళం పగలడం గురించి వారికి తెలిసినంతగా, నాళంలో ఏముంటుందో తెలియదు. ధమనులలో ఉండేది రక్తం కాదు, ప్రాణాన్ని నిలిపే గాలి వంటి న్యూమా అని గ్రీకు వైద్యుడు ఎరసిస్ట్రాటస్ బోధించాడు. మరి ధమని తెగితే రక్తం చిమ్ముతుందేమని అడిగితే, తెగిన క్షణంలో న్యూమా జారిపోతుందనీ, ఖాళీ అయిన చోటికి సిరలనుంచి కంటికి కనబడని దారుల గుండా రక్తం లాగబడుతుందనీ ఆయన సమాధానం. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు దీనిని చాలా సూటిగా ఖండించాడు. బతికి ఉన్న జంతువు ధమనిని రెండు చోట్ల దారంతో బిగించి, మధ్యభాగాన్ని తెరిచి చూశాడు. అందులో రక్తమే ఉన్నది. ఆ రక్తం గుండెనుంచి బయలుదేరి తిరిగి గుండెకే చేరుతుందని విలియం హార్వే 1628లో చూపించేదాకా, తెగిన ధమనినుంచి రక్తం లయబద్ధంగా ఎగసిపడడానికి సరైన వివరణ లేదు.

తరువాతి కాలపు రోగనిర్ధారణ శాస్త్రం రక్తం బయటికి వచ్చే దారులను మూడుగా విడదీసింది. నాళం చిరిగిపోతే రెక్సిస్. పక్కనున్న పుండు మెల్లగా తినివేస్తూ వచ్చి నాళపు గోడకు రంధ్రం చేస్తే డయాబ్రోసిస్. జీర్ణాశయపు అల్సరు వల్లనో, ఊపిరితిత్తిలో క్షయ చేసిన గుంత వల్లనో రక్తం పడడానికి ఇది ఉదాహరణ. గోడ చెక్కుచెదరనట్టే కనబడుతూ, సూక్ష్మమైన సందులగుండా రక్తకణాలు బయటికి జారితే డయాపెడీసిస్. మూడవదానిలో కంటికి కనిపించే పగులు లేదు. అయినా దానికీ హెమరేజ్ అన్న పేరే స్థిరపడింది. పదం పుట్టిన నాటి చిత్రం నుంచి అర్థం ఒక అడుగు ముందుకు జరిగిన చోటు ఇదే: పగులు నుంచి, ఏ దారినైనా సరే నాళాన్ని దాటి రావడానికి.

పదం పరిమాణాన్ని చెప్పదు కనుక, పరిమాణం కోసం వైద్యులు వేరే కొలతలు తయారుచేసుకోవలసి వచ్చింది. సుమారు 70 కిలోల బరువున్న పెద్దవారి ఒంటిలో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ప్రమాదాలలో గాయపడినవారికి చికిత్స చేసేవారు రక్తనష్టాన్ని నాలుగు తరగతులుగా లెక్కిస్తారు. 750 మిల్లీలీటర్ల వరకు, అంటే 15 శాతం లోపు, మొదటి తరగతి. రక్తదాన శిబిరంలో తీసుకొనే 350 మిల్లీలీటర్లు ఈ హద్దులోనే ఉండడం వల్ల దాత కాసేపు కూర్చొని లేచి వెళ్లిపోగలుగుతాడు. 15 నుంచి 30 శాతం పోతే నాడి వేగం పెరుగుతుంది, కానీ రక్తపోటు ఇంకా నిలబడే ఉంటుంది, అందుకే ఈ దశ మోసం చేస్తుంది. 30 శాతం దాటిన తరువాత రక్తపోటు పడిపోతుంది. 40 శాతం దాటితే, అంటే 2 లీటర్లకు పైన, వెంటనే ఆపకపోతే ప్రాణం దక్కడం కష్టం.

ఈ కొలతలన్నీ మెదడు దగ్గర పనికిరావు. పుర్రె లోపల ఖాళీ లేదు కనుక, అక్కడ 30 మిల్లీలీటర్ల గడ్డ కూడా ప్రాణాపాయాన్ని లెక్కకట్టడంలో ముఖ్యమైన హద్దుగా పరిగణింపబడుతుంది. చేతినుంచి తీస్తే ఎవరూ పట్టించుకోని పరిమాణం అది. హఠాత్తుగా పడిపోయే అపోప్లెక్సీకి కొందరిలో మెదడులోని రక్తస్రావమే కారణమని శవపరీక్షల ద్వారా చూపించిన స్విస్ వైద్యుడు వెప్ఫర్ గ్రంథం వెలువడింది 1658లో. అంతకుముందు ఆ చావులను చూసినవారికి బయట ఒక్క చుక్క రక్తం కూడా కనబడలేదు.

కాన్పు సంగతి దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ రక్తం కళ్లెదుటే పోతుంది, అయినా ఎంత పోయిందో చూసి చెప్పడం అనుభవజ్ఞులకు కూడా సాధ్యం కాదు. కాన్పు తరువాత 24 గంటలలో 500 మిల్లీలీటర్లు గాని అంతకు మించి గాని పోతే దానిని ప్రసవానంతర రక్తస్రావమనీ, 1000 మిల్లీలీటర్లయితే తీవ్రమైనదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించింది. కర్ణాటకలోని బెళగావి వైద్య కళాశాల పరిశోధకులు, అమెరికా సహచరులతో కలిసి, తల్లి కింద పరిచి రక్తాన్ని పోగుచేసే కొలతగీతల ప్లాస్టిక్ సంచిని రూపొందించారు. కంటి అంచనా ఆ సంచి కొలత కంటె 33 శాతం తక్కువగా ఉంటున్నదని 2006లో వారు ప్రకటించారు. ఆ రకమైన సంచితో ముందుగానే గుర్తించి, చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టే పద్ధతిని కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాలలోని 80 ఆసుపత్రులలో పరీక్షించగా, తీవ్ర రక్తస్రావంతో ముడిపడిన దుష్ఫలితాలు 60 శాతం తగ్గాయని 2023లో తేలింది. దీని తరువాత 2025లో, తల్లి నాడిలోనో రక్తపోటులోనో తేడా కనిపిస్తే 300 మిల్లీలీటర్ల వద్దనే కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దును కిందికి దించింది. తీవ్రం అన్న విశేషణాన్ని ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్న ఇంత మంది తల్లుల ప్రాణాలతో ముడిపడి ఉన్నందువల్లనే, పదం అర్థం గురించిన చర్చను పండితుల కాలక్షేపంగా నేను చూడలేను.

పేరు తప్పుదారి పట్టించిన సందర్భాలూ ఉన్నాయి. తెలుగు రాష్ట్రాలలో ఏటా వానాకాలంలో ఇల్లిల్లూ కలవరపడే డెంగీలో ప్రమాదకరమైన రూపాన్ని చాలాకాలం డెంగీ హెమరేజిక్ ఫీవర్ అన్నారు. ఆ పేరు విన్నవారి దృష్టి అంతా రక్తం మీదా, ప్లేట్‌లెట్ల సంఖ్య మీదా నిలిచిపోయింది. నిజానికి అందులో ప్రాణం తీసేది ఎక్కువగా రక్తనాళాలనుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి ఊరిపోవడం. రోగి కడుపునొప్పితో, ఆగని వాంతులతో, నీరసంతో కుంగిపోతున్నా, ఎక్కడా రక్తం కనబడలేదు కదా అని ధైర్యపడే ప్రమాదం ఆ పేరులో ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వర్గీకరణను మార్చి సివియర్ డెంగీ అన్న పేరును తెచ్చింది. ఎబోలా హెమరేజిక్ ఫీవర్ అన్న పేరు ఎబోలా వైరస్ వ్యాధిగా మారడానికి కూడా, రోగులలో చాలామందికి రక్తస్రావమే కనిపించకపోవడం ఒక కారణం.

పగులుకు పేరు పెట్టినవారు ఆపడానికి కూడా పేరు పెట్టారు. హెమోస్టాసిస్ అంటే రక్తాన్ని నిలపడం. అందులోని స్టాసిస్, సంస్కృత స్థా ధాతువు, ఒకే మూలానికి చెందినవి. చరకసంహిత ఏభై ఔషధగణాలను చెబుతూ ఒక గణానికి శోణితస్థాపనమని పేరు పెట్టింది. ఈసారి రెండు పదాలూ అర్థంలోనూ ధాతువులోనూ కూడా కలిశాయి. సుశ్రుతుడు రక్తాన్ని ఆపే ఉపాయాలను నాలుగుగా చెప్పాడు: వగరు ద్రవ్యాలతో గాయపు అంచులను కలిపే సంధానం, చలువతో గడ్డకట్టించే స్కందనం, భస్మాలతో ఎండించే పాచనం, కాల్చి నాళాలను ముడుచుకొనేలా చేసే దహనం. తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చదివినవారికి రక్త స్కందనమన్న మాట పాఠ్యపుస్తకంనుంచి గుర్తుండే ఉంటుంది. దహనం కూడా విద్యుత్ పరికరం రూపంలో నేటి శస్త్రచికిత్స గదిలో రోజూ జరుగుతూనే ఉన్నది.

స్కందనానికి తోడుపడే మందులలో నేడు అతి ముఖ్యమైన ట్రానెక్సామిక్ యాసిడ్‌ను జపాన్‌లో ఉతాకో ఒకామోతో, షోసుకే ఒకామోతో దంపతులు కనిపెట్టి 1962లో ప్రకటించారు. అది పగిలిన నాళాన్ని అతకదు. శరీరం కట్టుకొన్న గడ్డను శరీరమే తిరిగి కరిగించుకోకుండా అడ్డుపడుతుంది, అంతే. అందువల్లనే దానికి కాలపరిమితి ఉన్నది. గాయపడినవారి మీద జరిపిన పరిశోధన ఫలితాలు 2010లోనూ, కాన్పు తరువాత రక్తం పోతున్న 20,060 మంది స్త్రీల మీద జరిపిన పరిశోధన ఫలితాలు 2017లోనూ వెలువడ్డాయి. రెండింటిలోనూ, రక్తస్రావం మొదలైన 3 గంటలలోపు ఇచ్చినవారిలోనే మేలు కనిపించింది. గాయపడినవారిలో 3 గంటలు దాటాక ఇస్తే రక్తస్రావ మరణాలు పెరిగినట్టు కూడా తేలింది. కాబట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లినవారు ఎంత రక్తం పోయిందో కచ్చితంగా చెప్పలేకపోయినా, అది ఏ వేళకు మొదలైందో గుర్తుపెట్టుకొని చెబితే, అక్కడి వైద్యుడు మందు ఇవ్వాలా వద్దా అన్నది నిర్ణయించుకోవడానికి ఆ సమాచారం ఎంతో తోడ్పడుతుంది.